మోచేతి దెబ్బ

మా పిల్లలకు గుద్దడం తొందరగానే వచ్చేది. అరవడానికే నెలలు పట్టేది. తాండూరులో నేను కరాటే నేర్పిన ఆడపిల్లల బడి వరండాలో వాళ్లను వరసగా నిలబెట్టి "కడుపులకెల్లి అరవుండ్రి" అంటే, ముందు వరసలో వాళ్లు చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లు. వెనక వరసలో వాళ్లు గోడకేసి చూసేవాళ్లు. ఇంట్లో కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, "ఆడివిల్లవు, ఏందే గా గొంతు" అనిపించుకొని పెరిగిన పిల్లలు. నేను చెప్పగానే ఎక్కడినుంచి వస్తుంది అరుపు?

నాది వికారాబాద్. పెళ్లికి ముందే అక్కడ రైల్వేలో పనిచేసే ఒక మాస్టర్ దగ్గర కరాటే నేర్చుకొని నల్ల బెల్టు దాకా వచ్చాను. ఆయన దగ్గర అంతా మగపిల్లలే. పెళ్లయ్యాక చాలా ఏళ్లు బెల్టు బీరువాలో చీరల కింద ఉండిపోయింది. నా కొడుకు పెద్దవాడయ్యాక, తాండూరులోని ఆ బడివాళ్లు ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పేవాళ్లు కావాలంటే పోయాను. మధ్యాహ్నం రైలెక్కి పోవడం, బడి అయిపోయాక క్లాసు చెప్పడం, దొరికిన రైల్లో తిరిగి రావడం. చాలాసార్లు నిలబడే వచ్చేదాన్ని. అయినా అలసట అనిపించేది కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత నా ఒళ్లు నాకు మళ్లీ దొరికినట్టుండేది.

ఆ వరండాలో పరిచినవి తాండూరు బండలే. చూడటానికి నున్నగా, చల్లగా ఉంటాయి కానీ, వాటి మీద పడితే నొప్పి ఎముకలోకి దిగుతుంది. దెబ్బ తగలకుండా పడటం మా విద్యలో మొదటి పాఠం. దానికి మెత్తటి పరుపు కావాలి. మాకెక్కడిది? కందుల మార్కెట్‌లో పనికిరావని పడేసిన గోనెసంచులు తెచ్చి ఒకదాని మీద ఒకటి పరిచేవాళ్లం. ఒక్కో పిల్ల పడ్డప్పుడల్లా కందిపొట్టు లేచేది. వరండా అంతా తుమ్ములు.

ఆ పిల్ల కొడంగల్ రోడ్డు మీదున్న ఒక ఊరినుంచి వచ్చేది. పదో తరగతి. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు మడిచి కట్టుకొని ఉండేది. మొదటి రోజే నేను అరవమన్నప్పుడు అందరూ నవ్వుతుంటే ఈ పిల్ల ఒక్కతే అరిచింది. మామూలు అరుపు కాదు. గేటు దగ్గర కూర్చున్న అటెండరు లేచి వచ్చి "ఏమైంది మేడం?" అని అడిగాడు.

"నీకెట్ల వచ్చింది గింత గొంతు?" అన్నాను.

"మా నాయినకు ఇనవడదు మేడం. బండల పాలిష్ మిషన్ కాడ పనిచేస్తడు. గా మోతకు చెవులు పోయినయి. ఇంట్ల మేమందరం గిట్లనే మాట్లాడుతం."

అప్పటినుంచి అరుపు నేర్పాల్సి వస్తే ఆ పిల్లను ముందు నిలబెట్టేదాన్ని. మిగతా విద్య కూడా అంతే వేగంగా పట్టుకుంది. చెప్పింది మళ్లీ అడిగేది కాదు. ఇంటికి పోయి ఎక్కడ, ఎప్పుడు చేసేదో కానీ, మర్నాటికి ఆ కదలిక ఒంట్లో కూర్చొని ఉండేది. అట్లాంటి శిష్యురాలు దొరికితే గురువుకు కొంచెం పిచ్చి లేస్తుంది. నాకూ లేచింది. నా తర్వాత ఈ బడిలో ఈ పిల్లే నేర్పాలని మనసులో అనుకునేదాన్ని.

నేను చెప్పే వరస ఎప్పుడూ ఒకటే. ముందు దూరం జరుగు. జరగనియ్యకపోతే అరవు. అప్పటికీ వదలకపోతే కొట్టు, కొట్టినంక ఉరుకు. ఎవడన్నా మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలు ఉన్న వైపుకు చెయ్యి తిప్పి గుంజాలి. పట్టులో అదే బలహీనమైన జాగా. అట్లా గుంజినప్పుడు మన మోచెయ్యి మడిచి పైకి వస్తుంది. దాన్ని ఆపకుండా ముందుకు పోనిస్తే ఎదుటివాడి దవడ అక్కడే ఉంటుంది. గుంజడం, కొట్టడం వేరువేరుగా నేర్పితే మధ్యలో ఆలోచన దూరుతుంది. ఆలోచన దూరితే ఆలస్యమే. అందుకే రెండూ కలిపి, ఒక్క ఊపిరిలో చేయించేదాన్ని. ఒళ్లు తనంతట తాను చేసేదాకా, పిల్లలు విసుక్కునేదాకా.

క్లాసు లేని ఒక సాయంత్రం నేను ఇంట్లో బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. బడిలో ఇంకో పిల్ల. రొప్పుతూ చెప్పింది. "మేడం, బస్టాండ్ల కొట్టింది మేడం. కిందవడ్డడు. లేస్తలేడు."

తర్వాత తెలిసింది. కిందపడ్డ పిల్లాడు కొన్నాళ్లుగా బస్టాండు దగ్గర నిలబడి ఆ కొడంగల్ రోడ్డు పిల్లను చూస్తున్నాడట. బస్సు దాకా వెంట వస్తున్నాడట. పిల్ల ఇంట్లో చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆ సాయంత్రం కొడంగల్ బస్సు వచ్చింది. ఎక్కడానికి జనం తోసుకుంటున్నారు. పిల్ల మెట్టు మీద కాలు పెట్టగానే వెనకనుంచి చెయ్యి పట్టుకొని కిందికి గుంజాడు. "వదులు" అని అరిచింది. అంత గుంపులో ఒక్కరు కూడా తిరిగి చూడలేదట. తర్వాత చెయ్యి తిరిగింది, మోచెయ్యి లేచింది.

ఎదురుగా ఉన్న దుకాణం కెమెరాలో అది పడింది. వాడు పట్టుకున్నప్పుడు కెమెరాకు బస్సు అడ్డం. బస్సు కాస్త ముందుకు జరిగాక కనిపించింది ఒక్కటే. ఆడపిల్ల మోచేతితో కొట్టింది, మగపిల్లాడు పడ్డాడు, ఆడపిల్ల ఉరికింది. రాత్రికల్లా ఆ వీడియో తాండూరులో అందరి ఫోన్లలోకి చేరింది. నా దగ్గరికీ వచ్చింది. వంటింట్లో నిలబడి చూశాను. మళ్లీ చూశాను. నడుము తిరిగిన తీరు, వెనక మడమ నేలకు ఆనిన తీరు, కొట్టినంక ఒక్క క్షణం కూడా నిలబడకుండా పోయిన తీరు. ఒక్క తప్పు లేదు. గర్వంతో నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ పిల్లాడు ఎవరో మర్నాడు తెలిసింది. పిల్ల తండ్రి ఏ పాలిష్ మిషన్ దగ్గర పనిచేస్తాడో, దాని సేటు అన్న కొడుకు. దవడ విరిగింది. హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయారు.

సేటు దగ్గరినుంచి నాకు కబురొచ్చింది. మాట్లాడుకుందాం, నేర్పిన మేడం కూడా రావాలని. పోయాను. ఊరి బయట రేకుల షెడ్డు. ఎప్పుడూ మోగే మిషన్లు మా కోసం ఆపారు. కింద బూడిద రంగు నీళ్లు, రాతి బురద. గోడకు ఆనించిన బండల పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. తల్లి ఆమె వెనక. తండ్రి ముందు వరుసలో, స్టూలు చివర కూర్చొని ఉన్నాడు. పెద్దమనుషులు నలుగురైదుగురు కుర్చీల్లో.

సేటు మర్యాదగానే మొదలుపెట్టాడు. "మా పిలగాడు మంచి పని చేసిండని నేనంటలేను మేడం. చెయ్యి పట్టుకున్నడు. వయసు. తప్పే. గని దానికి ఇంత శిక్షనా? నోరు కట్టేసిన్రు. నీళ్లు, పాలు తప్ప ఏం దిగుతలేదు. సంబంధాలు చూస్తున్నం వానికి."

ఇంకొక పెద్దాయన అందుకున్నాడు. "చెయ్యి ఇడిపించుకున్నది గద. ఆడికి అయిపాయె. మళ్ల మోచేతితోని ఎందుకు కొట్టాలె? గది పగ గాదా?"

"అవి రెండు గావు," అన్నాను. "ఒక్కటే. చెయ్యి గుంజంగనే మోచెయ్యి పోతది. నేనే గట్ల నేర్పిన."

వాళ్లకు అర్థం కాలేదని లేచి నిలబడి గాలిలో చేసి చూపించాను. చెయ్యి తిప్పి, గుంజి, మోచెయ్యి ముందుకు. ఆ షెడ్డులో చీర కట్టుకున్న నేను అట్లా చెయ్యి విసరడం చూసి ఇద్దరు తల పక్కకు తిప్పుకున్నారు. ఒకాయన నవ్వాడు. "సూసిన్రా? గిది నేర్పుతున్నది బళ్లె మన ఆడివిల్లలకు."

నేను కూర్చున్నాను. నా జీవితంలో నేను బాగా నేర్చుకున్నది అదొక్కటే. అక్కడ అది కోతి ఆటలాగా కనిపించింది.

తండ్రికి సగం మాటలు వినపడలేదు. ఎవరు మాట్లాడితే వాళ్ల నోటి వైపు తల తిప్పుతున్నాడు. పక్కన కూర్చున్నాయన అన్ని మాటలూ ఆయన చెవిలో మళ్లీ అరుస్తున్నాడు. "నీ బిడ్డ మగోని మీద చెయ్యి లేపింది అంటున్నరు! రేపు ఎవరు చేసుకుంటరు అంటున్నరు!" మామూలు గొంతుతో అంటే ఎట్లా ఉండేదో కానీ, ఆ మాటలన్నీ అరుపులై ఆ షెడ్డంతా తిరిగాయి. తండ్రి ప్రతిదానికీ "అవునవును" అని తల ఊపాడు.

చివరికి తేల్చింది ఒకటే. పిల్ల తప్పయిందని చెప్పాలి. కేసు, గీసు ఏం ఉండదు. తండ్రి పని తండ్రికి ఉంటుంది. సేటు ఫోన్ తీసి ఆస్పత్రికి వీడియో కాల్ చేశాడు. తలకూ గడ్డానికీ కట్టు కట్టిన పిల్లాడు మంచం మీద కనిపించాడు. ఫోన్‌ను పిల్ల ముఖం ముందు పట్టుకున్నారు.

"తప్పయింది," అంది పిల్ల. నాకే సరిగ్గా వినపడలేదు.

"గట్టిగ చెప్పు," అన్నాడు పెద్దాయన. "మీ నాయినకు ఇనవడాలె."

మళ్లీ అంది. తండ్రి తల వంచి చెవి ముందుకు పెట్టాడు, ఏం వినపడలేదన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఆయనకు నిజంగానే వినపడలేదు.

అప్పుడు ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. కడుపులోకి. నేను చూశాను. "తప్పయింది!" అని అరిచింది. రేకులు అదిరాయి. బయట బండలు ఎక్కిస్తున్న కూలీలు ఆగి చూశారు. తండ్రికి వినపడింది. ఆయన తల దించుకొని రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఫోన్లో పిల్లాడు కదలలేదు. మాట్లాడటానికి వాడికి నోరు లేదు. అట్లా చూస్తూనే ఉన్నాడు. సేటు ఫోన్ జేబులో వేసుకొని మిషన్ల వైపు చెయ్యి ఊపాడు. మోత మొదలైంది.

బయటికి వచ్చాక తండ్రి దగ్గరికి పోయి, చెవి దగ్గర "పోలీస్ స్టేషన్‌కు పోదాం. నేను వస్త మీతోని" అన్నాను.

ఆయన నా వైపు ఎంతో మెత్తగా చూశాడు. "పోతే రేపు పనికి యాడికి పోవాలె మేడం? మిషన్లున్నోళ్లందరు ఒక్కటే. మీరు మంచిగనే నేర్పిన్రు. గని ఈడ బతికేది మేము."

ఆ తర్వాత పిల్ల బడికి రాలేదు. రెండు వారాలు చూసి నేనే వాళ్ల ఊరికి పోయాను. ఇంటి ముందు కంది కట్టె దులుపుతున్న తల్లి నన్ను చూసి లేవలేదు. "రాండ్రి" అంది, అంతే. కాసేపటికి పని ఆపకుండానే మాట్లాడింది. "చెయ్యి వట్టుకున్నప్పుడు ఊకుంటే రెండు దినాలు ఏడ్సేది. తర్వాత మరిసేది. మేము మరువలేదా? ఇప్పుడు బోరింగ్ కాడికి పోతే 'కరాటే వచ్చిందే' అంటున్నరు. ఆడోళ్లే అంటున్నరు మేడం."

"మేము మరువలేదా" అన్న మాట దగ్గర తలెత్తి ఆమె ముఖం చూశాను. ఆమె ఏం మరిచిపోయిందో అడగలేకపోయాను.

పిల్ల లోపల గోడకు ఆనుకొని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పరీక్షల గురించి, హాస్టల్ గురించి, వికారాబాద్ వచ్చి మా ఇంట్లో ఉండి చదువుకోవడం గురించి చాలా చెప్పాను. అన్నీ విని, ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది. "కొట్టినంక ఏం జేయాలె మేడం? గది మీరు చెప్పలే."

"ఉరుకుమని చెప్పిన గద బిడ్డా."

"ఉరికిన మేడం," అంది. "ఇంటికే ఉరికిన."

ఆ ఇంట్లో ఇంకేం మాట్లాడానో నాకు గుర్తులేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు చుట్టూ కోసేసిన కంది చేలు, ఎండ. అరవాలనిపించింది. అరవలేదు.

వికారాబాద్‌లో మా మాస్టర్ ఇంకా ఉన్నారు. మోకాళ్లు పోయి మంచం మీదే ఉంటారు. ఆయనకు అన్నీ చెప్పాను. చిన్నప్పటినుంచి ఏం అడిగినా జవాబు చెప్పిన మనిషి. కాలు ఎట్లా పెట్టాలో, భయం వేస్తే ఊపిరి ఎక్కడ పట్టాలో, ఓడిపోతే ఎట్లా వంగి నమస్కారం పెట్టాలో. ఈసారి కిటికీ వైపు తిరిగారు.

"బేటీ," అన్నారు, "నా దగ్గర నేర్చుకున్నోళ్లు అందరు మగపోరగాళ్లు. కొట్టొస్తే ఇంట్ల పైకి తిడుతరు, లోపల మురుస్తరు. నువ్వొక్కదానివి ఆడివిల్లవు, నీకు కొట్టే అవసరం రాలే. నాకు గీ సవాలే రాలే బేటీ. జవాబ్ నా దగ్గర లేదు."

ఆయన చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. ఆ చేతికి పిడికిలి బిగించే బలం కూడా లేదు. నాకు విద్య ఇచ్చిన మనిషి ఆ విద్య ఎక్కడిదాకా పోతుందో తనకే తెలియదని చెప్పారు. కోపం మాత్రం రాలేదు. అంత నిజాయితీగా ఆ మాట చెప్పిన మగవాళ్లను నేను ఎక్కువగా చూడలేదు.

బడిలో హెడ్ మేడం నన్ను పిలిచి కుర్చీ వేయించింది. మంచి మనిషే. ఆమె గొంతులో భయం తప్ప చెడ్డతనం లేదు. "తల్లిదండ్రులు వచ్చి అడుగుతున్నరు మేడం. పూర్తిగా బంద్ పెట్టొద్దు. డ్రిల్లు లెక్క చేపించండి. పంద్రాగస్టుకు బెంగుళూరు పెంకులు పగలగొట్టించండి, అందరు చప్పట్లు కొడుతరు. పట్టుకుంటే ఎట్ల ఇడిపించుకోవాలె, ఎట్ల కొట్టాలె, గవి మాత్రం వద్దు."

అట్లాగే చేయించాను. తెల్ల బట్టలు వేసుకొని, వరసలు తప్పకుండా, గాలిని గుద్దడం. చూడటానికి బాగుండేది. ఎవరికీ తగిలేది కాదు. పిల్లలు ఒకరొకరే తగ్గిపోయారు. మిగిలిన వాళ్లలో ఏడో తరగతి పిల్ల ఒకతి ఒక సాయంత్రం చెయ్యి ఎత్తి అడిగింది.

"మేడం, నిజంగ ఎవరన్న చెయ్యి పట్టుకుంటే ఏం జేయాలె?"

చిన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే నేను ఆ ఊరికి రైలెక్కి వస్తున్నాను. నోరు తెరిచాను. కొట్టు అనాలా? వదిలేయ్ అనాలా? ఆ రెండింటి మధ్య నా నాలుక ఆగిపోయింది. ఆలోచన దూరితే ఆలస్యమే అని ఎన్నిసార్లు చెప్పానో వాళ్లకు. పిల్లలు నా ముఖం చూశారు. గురువు ముఖంలో భయాన్ని పిల్లలు ఎంత తొందరగా గుర్తుపడతారో నేర్పేవాళ్లందరికీ తెలుసు. "రేపు చెప్త" అన్నాను. ఆ మరుసటి రోజు పోలేదు. ఆ తర్వాతా పోలేదు. హెడ్ మేడం ఒకసారి ఫోన్ చేసి, ఒంట్లో బాగలేదంటే సరే అంది. ఆమెకూ తేలికైనట్టే ఉంది.

మొన్న చుట్టాల ఇంట్లో పెళ్లికని తాండూరు పోయి, తిరిగి రావడానికి స్టేషన్‌లో కూర్చున్నాను. కర్ణాటకలో వాడి జంక్షన్ వైపు పోయే బండి వస్తోందని చెప్తున్నారు. అవతల చివర జనంలో ఆ పిల్ల కనిపించింది. ముందు గుర్తుపట్టలేదు. జడ ఒకటే, చీర కట్టుకుంది. పక్కన ఒక ముసలామె కన్నడంలో ఏదో మాట్లాడుతోంది. వెనకనుంచి ఒక మనిషి, సంచి మోస్తున్న వంకతో, భుజం ఆనిస్తూ ఆ పిల్ల మీదికి జరుగుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

పిల్ల వాడి వైపు చూడలేదు. అరవలేదు. రెండు మోచేతులూ పక్కటెముకలకు దగ్గరగా ముడుచుకొని, అడుగు పక్కకు వేసి, ముసలామెకు అవతలి వైపు పోయి నిలబడింది. అంతే. అది కూడా ఒళ్లు తనంతట తాను చేసినట్టే ఉంది.

నేను దగ్గరికి పోయాను. నన్ను చూసి ముఖం వెలిగింది. మరుక్షణం అటూ ఇటూ చూసి ఆరిపోయింది.

"బాగున్నవా బిడ్డా?"

"బాగున్న మేడం. సేడంల మా చిన్నమ్మ కాడ ఉంటున్న. కుట్టుమిషన్ నేర్చుకుంటున్న." ముసలామె ఆ పక్కన మూట సర్దుకుంటుంటే, నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. "ఈమె చిన్నమ్మ అత్త. చిన్నమ్మకు తప్ప గక్కడ ఎవ్వరికి తెల్వదు మేడం. నేను గది నేర్చుకున్న అని. మీరు చెప్పకుండ్రి."

"చెప్పను," అన్నాను.

ముసలామె మూట కట్టేసి మా వైపు తిరిగింది. ఎవరని అడిగింది. బళ్లె టీచర్ అంది పిల్ల. ముసలామె నన్ను మీది నుంచి కింది దాకా చూసి, వచ్చీరాని తెలుగులో ఆదరంగా అడిగింది. "ఏం చెప్తరు అమ్మా మీరు, బళ్లె?"

పిల్ల నా వైపు చూసింది.

"లెక్కలు," అన్నాను.

"లెక్కలు మస్తు కష్టం," అంది ముసలామె. బండి వచ్చింది. జనం తోసుకున్నారు. వాళ్లిద్దరూ ఎట్లాగో ఎక్కారు. కిటికీలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని బండి కదిలేదాకా చూశాను. కనిపించలేదు.